ఎనిమిదో రాయి

సాయంత్రం నాలుగయింది. అక్టోబరు నెల. పొద్దున్నుంచీ సన్నటి తుంపర విడవకుండా పడుతోంది.

ఆ ఊళ్ళో యూదుల శ్మశానం తాళంచెవి పక్కింటి గాన్నా దగ్గర ఉంటుంది. ఊళ్ళో యూదులంటూ ఎవరూ మిగల్లేదు. ఆ గోడ పక్కన ఆవిడ మేకల్ని కట్టేసుకుంటుంది. తాళం తీస్తూ గాన్నా, తల్లితో వచ్చిన త్సీల్యా పొట్టకేసి చూసింది.

"ఆరో నెలా? కడుపుతో ఉన్నదాన్ని ఇలాంటి చోటికి తెస్తారా తల్లీ? మావాళ్ళు కూడా తీసుకురారు."

"నేనెక్కడ తెచ్చాను? అదే నన్ను ఈడ్చుకొచ్చింది," అంది త్సీల్యా తల్లి ఫ్రూమా.

నిజమే. చెర్నివ్‌ట్సి నుంచి రెండు గంటల ప్రయాణం కూతురి పట్టు మీదే జరిగింది. త్సీల్యా రెండేళ్ళుగా వంశవృక్షం గీస్తోంది. ఎవరు ఏ ఊరివాళ్ళో, ఏ జిల్లావాళ్ళో పాత పటాలు ముందేసుకుని తేల్చి, గలీసియా ఊళ్ళ జనన రిజిస్టర్లు వెతికించి, గళ్ళన్నీ నింపింది. ఒక్క గడి మిగిలింది. ఫ్రూమా తాతది.

ఆయన్ని అందరూ ఆల్తర్ అనేవారు. ఆల్తర్ అంటే ముసలివాడు. అది పేరు కాదు, ముసుగు. ఆయనకు ముందు పుట్టిన ఏడుగురూ పసిగుడ్లుగానే పోయారు. ఎనిమిదోవాడికీ జ్వరం తగిలితే ఇంట్లోవాళ్ళు అసలు పేరు మింగేసి, 'ముసలోడా' అని పిలవడం మొదలుపెట్టారు. మృత్యుదూత పేరు పట్టుకుని పసివాణ్ణి వెతుక్కుంటూ వస్తాడు. ముసలోడని వింటే ఇల్లు తప్పాననుకుని పోతాడు. తాత తొంభై ఒక్క ఏళ్ళు ఆ ముసుగులోనే బతికాడు. ఆఖరి రోజుల్లో, "ఇప్పుడైనా చెప్పు తాతా, నీ అసలు పేరేంటి?" అని ఫ్రూమా అడిగితే, ఆయన తలుపు వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు.

పోయిన వారం రిజిస్టరు నకలు వచ్చింది. అందులో పేరుంది. పుట్టబోయేవాడికి అదే పెడతానని త్సీల్యా కూర్చుంది. ముందు ఆయన పుట్టిన ఈ ఊళ్ళో ఆ ఏడుగురి రాళ్ళూ చూడాలంది.

"ఆల్తర్ అనే పెట్టవే. కలిసొచ్చిన పేరు."

"ఉయ్యాల్లో పిల్లాణ్ణి ముసలోడా అని పిలవాలా? బడిలో బతకనిస్తారా వాణ్ణి?"

రిజిస్టరులోని ఆ పేరు ఈ కథలో ఎక్కడా రాయడం లేదు.

అల్లుడు మారిక్ కారు దగ్గరే ఆగిపోయాడు. పురోహిత వంశం వాడు, శ్మశానంలో అడుగు పెట్టకూడదు. తల్లీ కూతుళ్ళే లోపలికి వెళ్ళారు. మోకాలెత్తు గడ్డి. తడిసిన ఆకుల కుళ్ళు వాసన. ఒరిగిపోయిన రాళ్ళు.

పసిపిల్లల రాళ్ళు గోడ వారగా ఉన్నాయి. మూరెడు ఎత్తున, ఒకే వరసలో. త్సీల్యా తడిగుడ్డతో నాచు తుడుస్తూ ఒక్కో పేరూ పైకి చదివింది. ఏడూ అయ్యాయి.

"అమ్మా, ఎనిమిదోది ఉంది!"

ఎనిమిదో రాయి మీద పక్షి బొమ్మ. దాని కింద, రిజిస్టరులో దొరికిన ఆ పేరు.

ఫ్రూమాకు అర్థమైంది. ముసుగు ఒక్కటీ చాలదనుకున్నారు ఆ తల్లిదండ్రులు. బిడ్డ పోయాడని నమ్మించడానికి ఉత్త పెట్టె పాతి, రాయి నిలబెట్టారు.

"పద. చీకటి పడుతోంది."

"ఉండమ్మా! మీ తాతయ్య నీ చేతుల్లో పోలేదూ? అంటే ఇది ఉత్త గొయ్యి!" త్సీల్యా పకపకా నవ్వింది. ఆ పేరు గట్టిగా పలికి, "ఇక్కడ లేడు! తొంభై ఒక్క ఏళ్ళు బతికాడు. మేమంతా ఆయన సంతానమే!" అంది.

గోడవతల మేకలు అరవడం మానేశాయి.

తుంపర పడుతూనే ఉంది. చప్పుడు మాత్రం లేదు.

"ఎక్కడ?"

పాతతరం యూదుల ఇంటిభాష యిడ్డిష్‌లో. మెల్లగా.

"ఏంటమ్మా?" అంది త్సీల్యా.

"నేనేం అనలేదు..."

మొదటి రాయి ముందు గడ్డి అణిగింది. కాసేపు ఆగింది. రెండో రాయి ముందు అణిగింది. మళ్ళీ ఆగింది. ఎవరో వంగి, ఒక్కో పేరూ చదువుకుంటూ వస్తున్నట్టు. మూడు... నాలుగు... ఆరిపోయిన మైనపువత్తి వాసన. ఏడు.

ఎనిమిదో రాయి దగ్గర గడ్డి అణగలేదు. నేలే దిగింది. జానెడు లోతు. లోపల ఎవరో చెయ్యి పెట్టి తడుముతున్నట్టు మట్టి కదిలింది... ఆగింది.

"పుట్టేవాడి పేరేంటే, త్సీల్యా?"

అది ఫ్రూమా గొంతు. త్సీల్యా చెవి పక్కనే. కానీ ఫ్రూమా నాలుగడుగుల దూరంలో, పెదవి కదపకుండా నిలబడి ఉంది.

త్సీల్యా చెప్పబోయింది. ఫ్రూమా ఒక్క ఉదుటున వెళ్ళి కూతురి నోరు మూసేసింది.

"లే, ముసల్దానా," అంది. "మనం ముసలివాళ్ళం. మనకు పిల్లలేంటి, పుట్టడాలేంటి... నడు."

వెనక్కి చూడకుండా నడిచారు. వాళ్ళు నడిస్తే గడ్డి చప్పుడయింది. ఆగితే... ఇంకొక్క అడుగు చప్పుడయ్యాక ఆగింది.

గేటు బయట మారిక్ నోరు తెరిచాడు. "త్సీ..."

"పేరు పెట్టి పిలవకు! ముసల్దానా అను."

"అత్తయ్యా, పెళ్ళాన్ని అలా పిలిస్తే ఈ పూట నాకు సూప్ ముట్టదు..." వాళ్ళ మొహాలు చూసి మిగతాది మింగేశాడు.

దారంతా త్సీల్యా రెండు చేతులూ పొట్ట మీదే పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటాక ఒక్కసారి, "తిరుగుతున్నాడమ్మా," అంది. ఫ్రూమా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇల్లు చేరేసరికి ఏడయింది. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు కడుక్కోకుండా గడప దాటకూడదు. మెట్ల మీదే ఫ్రూమా సీసాతో అందరి చేతుల మీదా నీళ్ళు పోసింది. తలుపు తీసి, పక్కన నిలబడి, ఒక్కొక్కర్నీ లోపలికి పంపింది.

మనుషుల్ని లెక్కపెట్టడం వాళ్ళలో లేదు. తప్పక లెక్కపెడితే, దృష్టి పడకుండా ప్రతి అంకె చివరా 'కాదు' చేరుస్తారు. ఆమె పెదవుల మీదే లెక్కపెట్టింది.

మారిక్ వెళ్ళాడు. "ఒకటి కాదు."

త్సీల్యా వెళ్ళింది. "రెండు కాదు."

తనూ గడప దాటి తలుపు వేసింది. "మూడు కాదు."

అక్కడితో ఆపేసింది. కడుపులో ఉన్నవాణ్ణి లెక్కలోకి తేలేదు.

ఇంకా లైటు వెయ్యని లోపలి గదిలోంచి, అచ్చం ఆమె గొంతుతోనే, ఎవరో నెమ్మదిగా అన్నారు.

"నాలుగు."