రెండో మడత

పొద్దున్నే బాల్కనీలోకి వెళ్ళిన వేణుగోపాల్, కూతురు అక్షయ అప్పుడే ఆరేసిన బట్టలకి క్లిప్పులు తీసి, ఒక్కొక్కటే దులిపి మళ్ళీ ఆరేశాడు. అక్షయ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చేతిలోని ఖాళీ బకెట్ చప్పుడు కాకుండా కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అతను కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. ఎవర్నీ అనడం అతనికి అలవాటు లేదు. వంటింట్లోకి వచ్చి, భార్య మల్లీశ్వరి సర్దిన క్యారియర్ విప్పి, పప్పు గిన్నె కిందికీ పెరుగు గిన్నె పైకీ మార్చి, మూత బిగించాడు. మల్లీశ్వరి పెనం మీది అట్టు వంకే చూస్తూ ఊరుకుంది. ముందుగదిలో మంచం మీద కూర్చున్న తల్లి చౌడేశ్వరమ్మ మాత్రం కొడుకు చేతుల్నే చూస్తూ ఉంది.

సరిగ్గా అప్పుడే ఫోన్లో మెసేజ్ వచ్చింది. గుల్షన్ పంపింది.

"సార్, ఇవాళ్టి నుంచి నేను పనిలోకి రాను. నా వల్ల తప్పులేమైనా జరిగి ఉంటే క్షమించండి."

వేణుగోపాల్ ఆ రెండు ముక్కల్నీ మూడుసార్లు చదివాడు. విజయవాడ వన్‌టౌన్‌లో అతను మేనేజరుగా ఉన్న చీరల షాపులో గుల్షన్ పదకొండేళ్ళుగా పని చేస్తోంది. ఉయ్యూరు, చల్లపల్లి నుంచి పెళ్ళి బట్టలకి వచ్చే ఆడవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే గుల్షన్ ఉందా అని అడుగుతారు. అలాంటి పిల్ల చెప్పాపెట్టకుండా మానేయడమేమిటో, క్షమించమనడమేమిటో అతనికి అంతుపట్టలేదు.

కంకిపాడు నుంచి బండి మీద బందరు రోడ్డు పట్టి వెళుతున్నంతసేపూ అదే ఆలోచన. తను ఏమన్నాడు? పక్క షాపుల మేనేజర్లు కొనేవాళ్ళ ఎదుటే పిల్లల్ని నానా మాటలూ అంటారు. తను ఒక్కసారి కూడా గొంతు పెంచి ఎరగడు. కొనేవాళ్ళు వెళ్ళాక ఆడపిల్లలు చీరలు మడిచి అరల్లో పెడితే, తను ఒక్కొక్కటీ తీసి, విప్పి, మళ్ళీ మడిచి పెట్టుకుంటాడు. అంతే. ఒకసారి గుల్షన్ పట్టుచీర మీద టీ ఒలకబోసింది. అప్పుడు కూడా మాట్లాడకుండా తనే దాన్ని డ్రైక్లీనింగ్‌కి తీసుకెళ్ళాడు. ఆ రోజు ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, తన మంచితనానికే అనుకున్నాడు.

షాపులో అడుగుపెట్టేసరికి ఆడపిల్లల మాటలు ఆగిపోయాయి. ప్యాకింగ్ చేసే రాంబాబుని పక్కకి పిలిచి, గుల్షన్‌ని తనేమైనా అన్నాడా అని అడిగాడు. "అబ్బే, మీరేమీ అనలేదు సార్," అన్నాడు రాంబాబు. ఇంకేదో అనబోయి, దారం ఉండ తీసుకుని లోపలికి తప్పుకున్నాడు.

పదకొండు గంటలకి యజమాని వెంకటప్పయ్యగారు పిలిపించారు. ఇంకో వారంలో శ్రావణమాసం బేరాలు మొదలవుతాయి, గుల్షన్ వెనకాలే ఇంకో ఇద్దరు మానేస్తామంటున్నారు, ఏడాదిలో ఇలా మనుషులు వెళ్ళిపోవడం ఇది నాలుగోసారి అన్నారు. ఆయన కూడా గట్టిగా మాట్లాడలేదు. గురువారానికల్లా ఆ అమ్మాయిని వెనక్కి తీసుకురమ్మన్నారు. తీసుకురాలేకపోతే షాపు చూసుకోవడానికి మేనేజరుగా వేరే మనిషిని పెట్టుకోక తప్పదన్నారు.

వేణుగోపాల్ సాయంత్రం దాకా ఆరుసార్లు ఫోన్ చేశాడు. గుల్షన్ ఎత్తలేదు.

ఇంటికొచ్చి సంగతి చెప్పి, "అసలు నేనేం చేశానో నాకు తెలియడం లేదు మల్లీ," అన్నాడు.

మల్లీశ్వరి కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టింది. గుల్షన్ ఈ మధ్య తనకి మూడుసార్లు ఫోన్ చేసిందని చెప్పింది. సార్‌కి నా మీద కోపం దేనికో కనుక్కోండక్కా అని అడిగిందట. అన్నం సయించడం లేదట. చీర పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయట. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఒంట్లో ఏ జబ్బూ లేదన్నాడట.

"నాకు చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పబోయాను. మీరు నా చేతిలోంచి గరిటె తీసుకుని కూర కలుపుకుంటున్నారు."

"కోపం ఉంటే తిట్టేవాణ్ణి కదా. నేను ఎవరినీ ఏమీ అననే?"

"అదే చెబుతున్నాను. ఈ ఇంట్లో అట్టు కూడా మీరు రెండోసారి తిరగేస్తే గానీ కాలినట్టు లెక్కకాదు. ఇరవై రెండేళ్ళయింది. నా వంట బావుందో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు."

వేణుగోపాల్ కూతురి వంక చూశాడు. తన పక్షాన ఒక్క మాటైనా వస్తుందనుకున్నాడు. అక్షయ తల వంచుకునే అంది. "నువ్వు తిడితే తప్పేంటో తెలుస్తుంది నాన్నా. నువ్వు తీసి మళ్ళీ చేస్తే, నేనే తప్పనిపిస్తుంది."

తను మంచితనం అనుకున్నది గుల్షన్‌కీ, భార్యకీ, కూతురికీ శిక్షలా ఉందట. "మా నాన్న కూడా ఇంతే కదా. ఊరంతా ఆయన్ని దేవుడనేది," అన్నాడు, దిక్కు తోచక తల్లి వైపు తిరిగి.

చౌడేశ్వరమ్మ మంచం మీది నుంచి కాళ్ళు కిందికి దించింది. ఆమె భర్త సాంబమూర్తి మగ్గం నేసేవాడు. మగ్గంలో అడ్డంగా పోయే నూలుని చిన్న గొట్టాలకి రాట్నం మీద చుట్టి ఇవ్వడం ఆమె పని. వాటినే కండెలంటారు.

"ముప్పయ్యేళ్ళు కండెలు చుట్టానురా వేణూ," అంది. "నేనిచ్చిన ప్రతి కండెనీ మీ నాన్న విప్పి మళ్ళీ చుట్టుకునేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. రాట్నం ముందు కూర్చుంటే నాకు అరచేతులు చెమటలు పట్టేవి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇవాళ నిన్నడుగుతున్నాను. నా కండెలు అంత బాగోలేకనేనా?"

వేణుగోపాల్‌కి మగ్గం గుంట పక్కన కూర్చున్న చిన్నతనం గుర్తొచ్చింది. అప్పుడతనికి పదేళ్ళు. అమ్మ చుట్టిందాన్ని మళ్ళీ ఎందుకు చుడతావని తనూ అడిగాడు. నాన్న చెప్పిన జవాబు మాట మాటా జ్ఞాపకం ఉంది. అమ్మకీ తెలిసే ఉంటుందనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"లేదమ్మా. నువ్వు చుట్టింది కొంచెం వదులుగా ఉంటుందన్నాడు. తన చేతి వాటానికి బిగువుగా ఉండాలట. మీ అమ్మ చుట్టిన నూలు తెగడమంటూ లేదురా అన్నాడు."

చౌడేశ్వరమ్మ కొడుకు మొహంలోకి అలాగే చూసింది.

"ఆ ముక్క నాకు చెబితే బిగువుగానే చుట్టేదాన్ని కదరా," అంది.

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. వేణుగోపాల్ వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అమ్మని ఎప్పుడూ ఒక్క మాట అనని ఆ నాన్న మీద, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోపం వచ్చింది. ఆ కోపం ఆయన దగ్గర ఆగక తన మీదికే తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పంజా సెంటర్ వెనక సందులో గుల్షన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె తల్లి అక్తరున్నీసా కుర్చీ వేసి, టీ తెచ్చి, ఎందుకొచ్చారని అడగకుండా పక్కన నిలబడింది. గుల్షన్ గోడకి ఆనుకుని నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ అతను మర్చిపోయాడు. "కొంగు పైకి కనబడాలమ్మా. నువ్వు ఒక్కోసారి లోపలికి మడుస్తావు. అంత మాత్రానికే విప్పేవాణ్ణి. నీ మీద కోపం ఏనాడూ లేదు," అన్నాడు.

గుల్షన్ తలెత్తింది. "ఒక్కోసారి అన్నారు. మరి మిగతావి? పదకొండేళ్ళలో ఒక్క చీరైనా సరిగ్గా మడిచానా సార్?"

అతను నోరు తెరిచాడు. అవునంటే సరిపోతుంది. కానీ ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆమె మడిచిన చీర ఒక్కటీ కళ్ళకి కట్టలేదు.

"చూడలేదమ్మా," అన్నాడు. "చూడకుండానే విప్పేశాను."

గుల్షన్ ఏడ్చింది. అక్తరున్నీసా కూతురి భుజం మీద చెయ్యి వేసింది. గుల్షన్ వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. టీ చల్లారిపోయాక అతను లేచి వచ్చేశాడు.

గురువారం షాపు తెరిచేసరికి ఆమె కౌంటర్లో ఉంది.

మొదటి బేరం అయ్యాక పరుపు మీద పరిచిన చీరల్ని మడవసాగింది. వేణుగోపాల్ చేతులు అలవాటుగా ముందుకు వెళ్ళాయి. వాటినేం చేసుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. ఒక చీర అయింది. తేరిపార చూశాడు.

"ఇది బావుంది," అన్నాడు. ఆ మాట తన నోటికే కొత్తగా ఉంది.

గుల్షన్ నమ్మలేనట్టు చూసి రెండోది మడిచింది.

"దీనికి కొంగు లోపలికి పోయిందమ్మా."

అప్పుడు నవ్వింది ఆ అమ్మాయి. తనే చీర విప్పి, కొంగు పైకి తీసి, మళ్ళీ మడిచి అరలో పెట్టింది.