మొత్తం ఒకటి కాని మిశ్రమం

హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ గుద్ది చనిపోయిన ఇంజనీర్ అబ్రహాము ఫోన్‌లో ఆఖరి మెసేజ్: "మొత్తం ఒకటి కావడం లేదు."

"యాక్సిడెంట్ కాదు రఫీ, మర్డర్." ఆటోనగర్‌లో పాత గేరుబాక్సుల షెడ్డు వెనక గదిలో గూఢచారి విభాగం చీఫ్ రాజ్యలక్ష్మి గొంతు తగ్గించింది. "కంకిపాడు దిగువన కాలువ లాకు గోడ బీటలిచ్చింది. ఎల్లుండికి వరద. బీటల్లో నింపే మోర్టార్‌కి మిక్చర్ డిజైన్ అబ్రహాముదే."

"అంటే ఏంటండీ?"

"సిమెంటు, ఇసుక, నీళ్ళు. ఒకటి పెంచితే మిగతావి తగ్గాలి. పాళ్ళ మొత్తం ఎప్పుడూ ఒకటి, అంటే నూటికి నూరు. పాళ్ళు మార్చి ట్రయల్ దిమ్మలు పోసి, ఏది గట్టిదో లెక్కగట్టాడు. ఈమధ్య లెక్కకి అందనంత మెత్తబడ్డాయి. నీళ్ళు ఎక్కువైనవి మరీనూ. కనపడని నాలుగోదేదో కలుస్తోంది. విదేశీ ముఠా పని. అక్కడ మన ఏజెంట్ జెస్సికా ఉంది. కోడ్ వర్డ్, తడి ఇసుక."

ఆ గోడ కింద ఊళ్ళోనే రఫీ వాళ్ళమ్మ బీబీజాన్ ఉంటుంది.

మర్నాడు మబ్బు కమ్మిన పొద్దున మిక్సర్ ఆపరేటర్ వేషంలో లాకు దగ్గర దిగాడు. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫుతో జెస్సికా ఎదురొచ్చింది.

"తడి ఇసుక," అన్నాడు.

"ఆరబెట్టాంలే. అన్నీ చెక్ చేశా. నీళ్ళు కూడా ఫిల్టర్‌వి, ట్యాంకర్‌లో తెప్పించా. కానివ్వు."

రఫీ పెన్ను మీటర్‌ని ఆ నీళ్ళలో ముంచాడు. ఉప్పు లేదు, యాసిడ్ లేదు. గ్రీన్ లైట్.

మేస్త్రీ రత్తయ్య మిక్సర్‌కి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టాడు. కాలువగట్టు చీమలు ఆ బెల్లం వంక చూడకుండా ట్యాంకర్ కుళాయికి బారులు తీరాయి.

"ఏంటి మేస్త్రీ, దేవుడి బెల్లం చేదయిందా వీటికి?"

"ట్యాంకరొచ్చిన కాణ్ణించీ ఇంతేనయ్యా. కుళాయి వదిలితే ఒట్టు!"

రఫీకి వెలిగింది. పంచదార! కాస్త కలిసినా సిమెంటు పట్టుకోదు. వరద తగిలితే గోడలోంచి గుజ్జు కారుతుంది.

"మేడం, ఈ నీళ్ళు ఒక్క గుక్క తాగండి."

జెస్సికా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "ఎంత కలిపితే పైకి తెలియదో మీ ట్రయల్స్‌లోనే చూసుకున్నాం. అబ్రహాము పసిగట్టాడు, పోయాడు. రత్తయ్యా, వాల్వు తిప్పు!"

రత్తయ్య పిస్టల్ వంకే చూస్తూ తిప్పాడు. పైపులో నీళ్ళు గుడగుడలాడాయి. రఫీ పారెడు ఇసుక ఆమె మొహాన కొట్టి, పైపుని ఒక్క తన్ను తన్నాడు. ఆమె పేల్చిన గుండు గురి తప్పి ట్యాంకర్‌కి చిల్లి పెట్టింది. మిక్సర్లో పడాల్సిన తీపంతా బురదలో కలిసింది. కళ్ళు నులుముకుంటున్న జెస్సికా చేతిలో పిస్టల్ రఫీ చేతికొచ్చింది.

సాయంత్రానికల్లా మంచి నీళ్ళతో, అబ్రహాము తొలి పాళ్ళతో గోడ నిండింది. ఎగువన ఉరుముతోంది.

"క్రెడిట్ ఎవరికి రాయమంటావ్?" ఫోన్‌లో చీఫ్.

"రాయక్కర్లేదండీ. రత్తయ్య బెల్లం ముక్క చీమలకి వదిలేశాడు. సెటిలైపోయింది."