చెక్కభజన మోకాలు

"కదలాకప్పా అంటే మళ్లా కదిపితివే! అది కాలా, కోడిపిల్లా?"

కడప స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్ ఉదయశ్రీ అరుపు ముందు ఎమ్మారై మిషన్ మోత చిన్నబోయింది. లోపల అయస్కాంతం, బయట ఆగ్రహించిన కాంత, నడుమ ధనుంజయ మోకాలు! తెరమీద బొమ్మ మూడోసారి చెదిరింది. ఆమె కనుబొమ్మ మూడోసారి ముడిపడింది.

ఆ మోకాలికి ఏ జబ్బూ లేదు. అదే దాని అర్హత. రేపటి పాఠంలో విద్యార్థులకు చూపించడానికి డాక్టరుగారికి ఆరోగ్యమైన మోకాలి బొమ్మలు కావాలి. చేతుల్లో చెక్కలు వాయిస్తూ గంటలకొద్దీ ఎగిరినా నొప్పంటే ఎరగని మోకాలని ఒంటిమిట్ట చెక్కభజన జట్టు నుంచి ధనుంజయను పిలిపించారు. బొమ్మలు తేటగా వస్తే కొత్త మిషన్ బాధ్యత ఉదయశ్రీది. రాకపోతే ఇంకొకరిది. పేషెంట్లు వచ్చేలోగా మిగిలింది పావుగంట.

"నా ఉద్యోగం మీద గంతులేయాలని వచ్చినావా?"

"నేను కదపలా మేడం. అదే కదుల్తాండాది."

"కాలు నీది కాదా? పక్కింటోళ్లదా?"

"మీ మిషన్ తాళమేస్తాండాది మేడం. టకటక టక్కు, టకటక టక్కు. అచ్చం మా గురువు తిమ్మన్న చెక్కలే! ఆ దెబ్బ ఇనబడితే పదేండ్లుగా అడుగు పడాల్సిందే. ఆపితే తంతాడు."

"ఆపకుంటే నేను తంతా!"

కావాలని చేయడం లేదని తెలిశాక ఆమెకు ఇంకా మండింది. నోరారా తిట్టడానికి కూడా పనికిరాని మనిషి!

వాచీ, పిన్నులు, ఇనుమన్నది ఏదీ మిగలకుండా బల్లమీద పారేసింది. "జెస్సీ, నువ్వు బటన్ నొక్కు" అని తోటి టెక్నీషియన్‌కు చెప్పి, చెవులకు బిరడాలు పెట్టుకుని లోపలికి దూసుకెళ్లింది. ధనుంజయ పాదాన్ని రెండు చేతులా ఒడిసిపట్టింది.

"ఇప్పుడు ఎగురు, చూస్తా!"

మిషన్ మొదలైంది. పాదం ఉలిక్కిపడింది. ఆమె అదిమింది. కాసేపటికి పాదం తాళం మరిచింది. తాళం తప్పింది ఉదయశ్రీ గుండె.

మోత ఆగింది. మైకులో జెస్సీ కేక వేసింది. "అక్కా, ఎముకల నడుమ నెలవంక దిండ్లు, లిగమెంట్ల నల్లతాళ్లు, అన్నీ తేటగా పడినాయి! మిషన్ నీదే!"

"అయిపాయనా మేడం?"

"అయిపాయ."

"మరి నా కాలు వదలరా?"

"నా కోపం ఇంకా పోలేదు. పోయినాక వదుల్తా."

"ఎప్పుడు పోతాది?"

ఆమె అతని మొహం చూడకుండా పాదాన్ని ఇంకాస్త బిగించింది. "నా కోపం సంగతి నీకు తెలీదప్పా. శానా ఏండ్లు పడుతుంది."

"పర్వాలేదు మేడం. నేను యాడికీ పోను."