లాకు యజమాని

వీరవేణి పోటుమాపకం తీగ కూడా ఊడదీసి, లాకు తలుపుల్ని నడిపే యంత్రబుద్ధి లాకుమేధను మళ్లీ లేపింది. మొదటి దీపం వెలిగింది. రెండోదీ వెలిగింది. మూడోది మిణుకుమంది, అంతలోనే మూడూ కలిసి ఆరిపోయాయి.

"పొద్దుట్నుంచీ ఇదే వరస," అంది గుమ్మంలో కూర్చున్న అత్తగారు చిట్టెమ్మ. "నిన్న బానే ఉందన్నావు?"

"పాత వ్యవస్థ తుడిచేసి కొత్తది ఎక్కించాక మొదటిసారి ఆపి లేపడం ఇవాళే కదత్తా."

సాయంత్రం పోటు వేళకి తలుపులు దిగకపోతే సముద్రం కాలువలోకి వచ్చేస్తుంది. లంకల్లో నారుమళ్లు ఇప్పుడిప్పుడే పచ్చబడుతున్నాయి. ఒక్కసారి ఉప్పునీరు తాగితే ఈ ఏడు నాట్లు లేనట్టే. తలుపులు చేత్తో తిప్పే చక్రాలు తీసేసి ఒక తరం దాటింది.

తీగలన్నీ విడదీసినా అదే చోట ఆగింది. జ్ఞాపకఫలకం మార్చినా అంతే. అంటే యంత్రం బాగుంది, వ్యవస్థా బాగుంది. మూడోది యజమాని దీపం, యజమాని గొంతు గుర్తుపడితేనే నిలుస్తుంది. దాని ముందు వీరవేణి పొద్దుట్నుంచీ పలుకుతూనే ఉంది. పరీక్ష యంత్రం తగిలించి, నిన్న దాచుకున్న స్వరముద్రను విప్పి విన్నది. విని నవ్వేసింది.

నిన్న పని పూర్తయిన సంబరంలో లాకు సంఘం ఆడవాళ్లంతా యంత్రగదిలోనే ఉన్నారు. "యజమాని పలకాలి," అని లాకుమేధ అడగ్గానే అందరూ ఒక్కసారే "మేమే!" అని అరిచారు. దగ్గరగా ఉన్న తన గొంతే పట్టిందనుకుంది వీరవేణి. అది అన్ని గొంతులనూ కలిపి ఒక్క మనిషిగా రాసుకుంది. వాటిలో అన్నిటికన్నా గట్టిగా మోగుతున్నది ఆడపడుచు నూకరత్నం గొంతు.

కబురందగానే అందరూ వచ్చారు, నూకరత్నం తప్ప. ఆమె లేకుండా పలికి చూశారు. మూడో దీపం నిలవలేదు.

"నిన్న పదిమందిలో దాన్ని అంత మాటన్నావు," అంది చిట్టెమ్మ. "అది గ్రీజు పూసిన గొలుసు చూస్తే పీతలు నవ్వుతాయని. నేను పిలిస్తే రాదు. నువ్వే వెళ్లు."

వీరవేణి వెళ్లేసరికి నూకరత్నం తన వాకిట్లో చేపలు తోముతోంది. తల ఎత్తలేదు.

"ఇంజనీరుగారు మా వాకిట్లోకి వచ్చారే! పీతలు కులాసానా వదినా?"

"నువ్వు రాకపోతే లేవనంటోందే."

"యంత్రమా, నువ్వా?"

"ఇద్దరమూను. నిన్న అందరి ముందూ నోరు జారాను. అందరి ముందే తప్పని చెప్తాను. రా."

నూకరత్నం చేతులు కొంగుకి తుడుచుకుంది. "ముందు నడు, చెప్దువుగాని."

యంత్రగదిలో అందరి ముందూ తప్పని చెప్పింది వీరవేణి, గొంతు తగ్గించకుండానే. తర్వాత అందరూ కలిసి పలికారు. మూడో దీపం నిలిచింది. తలుపులు గొలుసుల మీద సాఫీగా దిగాయి. కాసేపటికి పోటు వచ్చి ఇనుముకి కొట్టుకుని అక్కడే ఆగిపోయింది.

అప్పుడు డెల్టా లాకులన్నిటి లెక్కా చూసే మూలకేంద్రం మైకులో పలికింది. "స్వరముద్ర సక్రమం కాదు. ఒక లాకుకి ఒకరే యజమాని. ఇంజనీరు వీరవేణి పేరుకి మారుస్తున్నాం. సమ్మతి తెలపండి."

"ఒప్పేసుకో వదినా," అంది నూకరత్నం. ఈసారి ఎత్తిపొడుపు లేదు. "ఇంత చదివావు, ఇంత చాకిరీ చేశావు. నీ పేరుంటే మాకూ గొప్పే."

డెల్టా మొత్తంలో ఏ లాకుకీ ఆడమనిషి యజమానిగా లేదు. ఆ సంగతి వీరవేణికి తెలుసు. తలుపుల వెనక పచ్చటి మళ్లనూ, తన చుట్టూ చెమటతో నిలబడ్డ వాళ్లనూ చూసింది.

"సమ్మతి లేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచు."

"ఆ గొంతుకి ఇంటిపేరు లేదు. వయసు లేదు," అంది మూలకేంద్రం.

"లేవు," అంటూ వీరవేణి ఆ స్వరముద్రనే ఖాయం చేసే మీట తిప్పేసింది.

"రేపు మనలో ఎవరైనా పోతేనో?" అంది చిట్టెమ్మ.

"ఉన్నవాళ్లం మళ్లీ పలుకుదాం అత్తా."

కాసేపటికి పక్క కాలువ లాకు నుంచి ఓ ఆడగొంతు వినబడింది. "అక్కా, మీ లాకు లెక్క కుదరట్లేదని కేంద్రం అందరినీ యజమాని పేరు మళ్లీ అడుగుతోంది. మేం ఏం చెప్పాలి?"

వీరవేణి నోరు తెరిచేలోగా నూకరత్నం మైకు లాక్కుంది.

"నువ్వొక్కదానివే ఉన్నావా అమ్మాయ్? వెళ్లి మీ వాళ్లందర్నీ పిలుచుకురా. అప్పుడు చెప్తాను."