సెంటర్ హాఫ్‌కు తోక ముక్క

పడవ సిరొంచ రేవును తాకడం, ప్రాణహిత మీద వాన దిగడం ఒకేసారి జరిగాయి. ఆదయ్య ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఒడ్డెక్కి, తాటాకు పందిరి కిందికి పరుగెత్తాడు. అక్కడ అప్పటికే ఒక అమ్మాయి చేపల గంపతో నిలబడి ఉంది.

"జర అటు జరుగు. నీ పెట్టె మీది నీళ్లన్నీ నా చేపల మీద పడుతున్నయ్."

"చేపలకు నీళ్లంటే భయమా?"

అమ్మాయికి నవ్వు వచ్చింది. కానీ ముక్కూ మొహం తెలియనివాడి ముందు నవ్వితే అలుసైపోమూ? అందుకని మొహం గంటు పెట్టుకుంది.

"ఏ ఊరు మీది?"

"బెల్లంపల్లి."

"బెల్లంపల్లా? అయితే మీ ఊరోడు ఒకడు మా ఫుట్‌బాల్ టీముకు వస్తుండట. సెంటర్ హాఫ్ అట, నడుమ ఆడేటోడు. ఎర్కనా నీకు?"

"జరంత ఎర్కనే."

"ఎట్లుంటడు?"

"చూడనీకి బాగనే ఉంటడు."

"రూపు సంగతి ఎవరడిగిండ్రు? ఆట సంగతి చెప్పు."

"ఆట గూడ బాగనే ఆడుతడంటరు."

"మా అన్న కంటె బాగనా?" ఆమె గంపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "చిన్నప్పటి సంది మా అన్ననే సెంటర్ హాఫ్. ఖయ్యూం భాయ్‌కి ఏం పుట్టిందో, నది దాటి పోయి మొనగాన్ని పట్టుకొస్తుండు. గా మొనగాడు మా ఇంట్లనే తినాలెనట. నేనే వండి పెట్టాలెనట. రానీ, ఎట్ల తింటడో చూస్త."

ఆదయ్య గంపలోకి తొంగిచూశాడు. "చేపలు మంచిగున్నయ్."

"వానికి తోక ముక్కనే."

అంతలో పడవలోంచి సైకిలు దింపుకుని, తడిసి ముద్దయిన ఖయ్యూం పందిరి కిందికి వచ్చాడు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నడిపేదీ అతనే, సిరొంచ టీముకు కెప్టెనూ అతనే.

"అరె రాజక్కా! మన కొత్త సెంటర్ హాఫ్‌ని అప్పుడే కలిసినవా?"

రాజక్క వాన ఆగేదాకా కూడా ఆగలేదు. గంప నెత్తిన పెట్టుకుని తడుస్తూనే వెళ్లిపోయింది. ఆదయ్య మాత్రం ఆ వాన ఇంకాసేపు కురిస్తే బాగుండునని అనుకున్నాడు.

దసరా దాటాక సిరొంచలో జరిగే ఫుట్‌బాల్ టోర్నమెంటుకు ఒక షరతు ఉంది. ఆడేవాడు తన టీము ఊరివాడైనా కావాలి, ఆ ఊరి అల్లుడైనా కావాలి. ఒకసారి అల్లపల్లి వాళ్లు నాగపూర్ నుంచి ఎవడో పహిల్వాన్ని తెచ్చి గోల్ దగ్గర నిలబెడితే పెద్ద గొడవై, అప్పుడు పెట్టుకున్న షరతు అది. అందుకే ఖయ్యూం ఆదయ్యకు కలప డిపోలో లారీలు బాగుచేసే పని చూపించాడు. పడక డిపోలోనే. భోజనం మాత్రం రాజక్క తండ్రి కిషన్‌రావు ఇంట్లో.

కిషన్‌రావుకు నది పక్కన వరిపొలం ఉంది. దానికంటే ఎక్కువగా ఫుట్‌బాల్ పిచ్చి ఉంది. టీము బంతి ఉండేది ఆయన ఇంట్లోనే, వడ్ల గుమ్మి పక్కన ఉట్టి మీద. దానికి ఆముదం పట్టించే పని రాజక్కది. "నది అవుతలి మనోళ్ల పిల్లగాడే, తిననీ," అన్నాడు ఆయన. ఊళ్లో పని, ఊళ్లో తిండి. ఊరివాడు కావడానికి ఇంకేం కావాలని ఖయ్యూం ధీమా.

రాజక్క తానన్న మాట నిలబెట్టుకుంది. చేపలు వండిన ప్రతిసారీ అన్న సమ్మన్న కంచంలో మంచి ముక్కలు, ఆదయ్య కంచంలో ముళ్ల తోక. ఆదయ్య ఓపిగ్గా ముళ్లు ఏరుకుని తిని, చెయ్యి కడుక్కుంటూ, "కూర మంచిగున్నది," అనేవాడు. ఆ మాటకు రాజక్కకు ఒళ్లు మండేది. సమ్మన్న అతనివైపు చూడకుండా గబగబా తిని లేచిపోయేవాడు. తన చోటు పోయి, ముందు వరసలో ఫార్వర్డ్‌గా ఆడమన్నారని అతని బాధ. తల్లి యాదక్క గడప దగ్గర కూర్చుని అందరి కంచాలూ చూస్తుండేది, ఏమీ అనేది కాదు.

మొదటి ఆట జింగనూర్ వాళ్లతో. మైదానం చుట్టూ జనం, గట్టు మీద ఎడ్లబండ్లలో ఆడవాళ్లు. విజిల్ ఊదగానే అలవాటు ప్రకారం అందరూ బంతి వెంట పడ్డారు. ఆదయ్య ఒక్కడు నడుమ నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఏంది వీడు, బస్సు కోసం చూస్తుండా?" అన్నారెవరో.

"నది దాటించి తెచ్చింది నిలబడనీకేనా?"

కానీ ఆట అయ్యేసరికి సిరొంచ గెలిచింది. గోల్స్ అన్నీ సమ్మన్నవే. ఆ సాయంత్రం ఖయ్యూం హోటల్లో కుర్చీలు చాలలేదు. సమ్మన్నను ముందుకు తేవాలని తానెప్పుడో చెప్పానని ప్రతివాడూ మీసం మీద చెయ్యి వేశాడు. మూలన కూర్చుని చాయ్ తాగుతున్న ఆదయ్యను పలకరించినవాడు లేడు.

చామోర్షి వాళ్ల మీద కూడా అంతే. సమ్మన్న గోల్ కొట్టాడు, జనం చొక్కాలు విప్పి తిప్పారు. "గా బెల్లంపల్లోడు దండుగ. వానికి తిండి గూడ దండుగే," అని తేల్చేశారు.

గట్టు మీద రాజక్క మాత్రం ఆ రోజు కొంచెం పరేషాన్ అయింది. ఆమె చూసేది ఎప్పుడూ అన్ననే. ఇదివరకు సగం ఆటకే రొప్పుతూ నడుం పట్టుకునే అన్న ఇప్పుడు పరుగెత్తడమే తగ్గించాడు. బంతే అతని కాళ్ల దగ్గరికి వస్తోంది. ఎక్కడి నుంచి వస్తోంది? ఆమె చూపు అన్నను వదిలి బంతి వచ్చిన దారి పట్టింది. ఆ దారి ప్రతిసారీ నడుమ నిలబడ్డ మనిషి దగ్గర ఆగింది. అతను బంతిని అందుకుంటాడు, తలెత్తి చూస్తాడు, ఎవరికి కావాలో వాళ్లకు పంపి ఊరుకుంటాడు. గోల్ పడ్డాక అందరూ సమ్మన్న మీద పడితే, అతను అక్కడే నిలబడి తనకు తానే నవ్వుకుంటాడు.

ఇన్ని రోజులు ఇతనికా తాను ముళ్లు పెట్టింది! రాజక్కకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే ఇంకేదో కూడా వచ్చింది. ఆట అయ్యేదాకా ఆమె చూపు అన్న వైపు మళ్లలేదు.

మర్నాడు ఆదయ్య కంచం ముందు కూర్చుని ఆగిపోయాడు.

"ముక్కలు గిట్ల తారుమారైనయా? ఇది నడుమ ముక్క."

"తింటే తిను. లేకుంటే పిల్లికి పెడ్త."

"పిల్లికెందుకు, తింట. కని ఎందుకో చెప్పు."

రాజక్క అన్నం గిన్నె వైపు చూస్తూ అడిగింది. "నిన్న గోల్ పడ్డప్పుడు, మా అన్న దిక్కు చూడనన్న చూడకపోతివి. బంతి ఎట్ల పంపినవ్?"

"ముందుగాల్నే చూసి పెట్టుకున్న. నువ్వు చూసినవా గది?"

"ఊరంత గోల్ చూసింది. నేను గది చూసిన."

ఆదయ్య నడుమ ముక్క విరిచి ముద్దలో కలుపుకున్నాడు. "నాకు గంతే చాలు," అన్నాడు.

యాదక్క గడప దగ్గర కూర్చుని దగ్గింది. ఆ దగ్గు జలుబుది కాదు.

సమ్మన్నకు కూడా పాస్‌ల సంగతి మెల్లగా తెలిసివచ్చింది. ఒకరోజు తనంతట తానే ఉట్టి మీది బంతి తీసుకుని, "నడు పోదాం," అన్నాడు ఆదయ్యతో. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఇద్దరూ కోసిన పొలంలోనే.

"ఉరుకకు, సమ్మన్నా. ఉరికితే బంతొక్కటే కనబడుతది. నడుమ నిలబడితే అందరు కనబడుతరు."

బెల్లం చాయ్ తెచ్చే నెపంతో రాజక్క కూడా గట్టు మీదికి వచ్చేది. చాయ్ చల్లారిపోయేది, ఆమె మాత్రం కదిలేది కాదు.

ఫైనల్ రోజు అల్లపల్లి టీము కలప లారీలో జెండా కట్టుకుని దిగింది. రెఫరీ అహేరి నుంచి వచ్చిన బడిమాస్తరు. ఆయన విజిల్ నోట్లో పెట్టుకోబోతుండగా అల్లపల్లి కెప్టెన్ చెయ్యెత్తాడు.

"మాస్తర్ సాబ్, గీ బెల్లంపల్లోడు ఊరోడెట్ల అయితడు? డిపోల పంటడు, ఒకరింట్ల తింటడు. ఇల్లు లేదు, పొయ్యి లేదు."

ఖయ్యూం ఏదో చెప్పబోయాడు. మాస్తరు వినలేదు. "షరతు షరతే. ఊరివాడు కాకపోతే, ఊరి అల్లుడా మరి?"

"అల్లుడే!" అని ఎవరో గర్జించారు.

అందరూ వెనక్కి తిరిగారు. కిషన్‌రావు! పాగా జారిపోయి, మొహం ఎర్రబడి, ఏం అన్నాడో తనకే తెలియనట్టు నిలబడి ఉన్నాడు. అయినా తగ్గలేదు. "నా అల్లుడు! ఎవడేమంటడో అనుండ్రి!"

జనం ఈలలు వేశారు. బండ్లలో ఆడవాళ్లు రాజక్క వైపు తిరిగారు. రాజక్కకు బండి కిందికి దూరిపోవాలనిపించింది.

ఆదయ్య చేతిలోని బంతిని కింద పెట్టాడు. కిషన్‌రావు దగ్గరికి నడిచాడు.

"పటేలా, నేను ఇంకా అల్లుణ్ని గాను."

"అయితవు తియ్యి! ముందుగాల్ల ఆడు!"

"ఆట గెలువనీకి పిల్లనిస్తనంటున్నరు. మరి గా పిల్లని అడిగిండ్రా? ఆమెకు ఇష్టం లేదనుకోండ్రి. ఊరంత విన్నంక కాదని ఎట్ల అంటది? నేను ఆడనంటే ఆడ."

మైదానమంతా ఒక్కసారి గొల్లుమంది. "ఓరి దేవుడా, ఆడినంక అడుగుదువులే!" "వీన్ని ఎవడు తెచ్చిండురా?" ఖయ్యూం నెత్తి పట్టుకున్నాడు. ఇంతసేపూ అల్లపల్లి కెప్టెన్‌తో వాదించినవాళ్లంతా ఇప్పుడు ఆదయ్యను తిట్టడం మొదలుపెట్టారు.

సెంటర్ హాఫ్ చోటులోకి మళ్లీ సమ్మన్నే వెళ్లాడు. విజిల్ మోగింది. ఆదయ్య గట్టెక్కి వచ్చి, కిషన్‌రావు బండి చక్రానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. అతని తలపైనే, బండి మీద రాజక్క.

ఆట ముగింపుకు వచ్చినా ఎటు పక్కా గోల్ పడలేదు.

"పొద్దుమీకి పడవకు పోతున్నవా?" అని అడిగింది రాజక్క.

"ఆట లేనోన్ని ఎవరు ఉంచుకుంటరు?"

ఇతను పోతే ఈ గట్టు, ఆ పొలం, ఉట్టి మీది బంతి అన్నీ వట్టిపోతాయని రాజక్కకు అప్పుడే తెలిసింది. సిగ్గుపడుతూ కూర్చుంటే పడవ వెళ్లిపోతుంది.

"నన్ను అడుగలేదని ఆట ఇడిసిపెడితివి," అంది. "మరి ఇప్పుడన్న అడుగుతవా?"

ఆదయ్య తలెత్తి చూశాడు. ఎవరికి పాస్ ఇవ్వాలో ఎప్పుడూ తడుముకోనివాడికి మాట తడబడింది.

"రేవు కాడ నువ్వు తిట్టిన కాణ్నించి నువ్వంటే నాకు ఇష్టం. నన్ను చేసుకుంటవా, రాజక్కా?"

ఆమె నోరు విప్పేలోగా మైదానంలో గోల. అల్లపల్లి వాళ్లు దాదాపు గోల్ కొట్టేశారు. కంగారులో సమ్మన్న పాత అలవాటుకు తిరిగి, బంతి వెంట పిచ్చిగా పరుగెడుతున్నాడు.

"నిలబడు, సమ్మన్నా," అని గొణిగాడు ఆదయ్య. "జర నిలబడు."

గొణిగితే అక్కడికి వినిపిస్తుందా? రాజక్క బండి మీద లేచి నిలబడి, ఊరంతా వినేలా అరిచింది.

"అన్నా! నిలబడు!"

సమ్మన్న ఆగాడు. నడుమకు వచ్చాడు. బంతి వచ్చింది. తలెత్తి చూశాడు. ఎడమ పక్కన తమ టీము కుర్రాడు సలీమ్ ఒక్కడే ఉన్నాడు, చుట్టూ ఎవరూ లేరు. బంతి మెత్తగా అతని కాళ్ల ముందుకు వెళ్లింది.

గోల్!

ఆఖరి విజిల్ మోగగానే జనం మైదానంలోకి ఉరికారు. సలీమ్‌ను భుజాలకెత్తుకున్నారు. సలీమ్, సలీమ్ అని ఒకటే కేకలు. నడుమ సమ్మన్న ఒక్కడూ నిలబడి తనకు తానే నవ్వుకుంటున్నాడు. ఊరంతా సలీమ్‌ను చూస్తుంటే, ఆ బండి దగ్గరి ఇద్దరూ మాత్రం సమ్మన్నను చూశారు.

"ఔను," అంది రాజక్క.

"ఏంది ఔను?"

"నువ్వు అడిగినదానికి."

ఆ సాయంత్రం పడవ ఆదయ్య లేకుండానే వెళ్లిపోయింది.

గెలుపు సంబరం చల్లారాక కిషన్‌రావు ఇంట్లో దిగులుగా కూర్చున్నాడు. "ఆట ఊపుల ఏదో అంటి. బిడ్డను అడుగకనే పోతి," అని గొణుక్కున్నాడు.

"అందరి ముంగట అననే అన్నవు. ఇగ చెయ్యి," అంది యాదక్క. "నడుమ ముక్క ఎవరి కంచంల పడుతదో నేను ఎన్నడో చూసిన."

కిషన్‌రావు కూతురి మొహంలోకి చూశాడు. ఆమె తల వంచుకుంది కానీ, నవ్వు దాచుకోలేకపోయింది. ఆయన పాగా సర్దుకుని, "రేపే బెల్లంపల్లికి, మీ పెద్దోళ్ల దగ్గరికి మనిషిని పంపుత," అన్నాడు. "అల్లుడా, కాళ్లు కడుక్కొని రా, తిందాం."

"వస్తున్న మామా," అన్నాడు ఆదయ్య. పటేలా అనే మాట అతని నోట మళ్లీ రాలేదు.

కంచాలు వచ్చాయి. నడుమ ముక్క సమ్మన్న కంచంలో పడింది. ఆదయ్య తన కంచంలోకి చూసుకున్నాడు.

"ఏంది రాజక్కా, మళ్ల తోకనేనా?"

"మరి? ఇయ్యాల పాస్ ఇచ్చింది నువ్వు గాదు గదా, మా అన్న!"

సమ్మన్న పొలమారేలా నవ్వాడు. ఆదయ్య ఓపిగ్గా ముళ్లు ఏరుకుని, శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"కూర మంచిగున్నది."