స్కార్విక్ రేవులో తేలిన బంతి

సోఫుస్‌ను నీళ్లలోంచి లాగి రేవు రాళ్ల మీద పడుకోబెట్టారు. పక్కనే బోల్తా పడిన అతని పడవ. ఇంకాస్త పక్కన, రాళ్ల సందులో ఇరుక్కున్న ఫుట్‌బాల్.

సాయంత్రం ఆరూ యాభై. మే నెల కాబట్టి ఇంకా పట్టపగల్లాగే ఉంది.

ఇన్‌స్పెక్టర్ రాన్వా రాజధాని నుంచి సొరంగం దారిలో గంటలో వచ్చింది. సముద్రం వైపు తిరిగేసరికి గాలి ఆమె తలమీది టోపీని వెనక్కి లాగేసింది.

ఫారో దీవుల్లో స్కార్విక్ మూడువందల గడపలు కూడా లేని ఊరు. మైదానం అంచునే సముద్రం. గోడ దాటి నీళ్లలో పడ్డ బంతుల్ని పడవలో వెళ్లి తెచ్చేవాడు సోఫుస్. అరవై ఆరేళ్లు. ముప్పై ఏళ్లుగా అదే పని.

ఈరోజు కప్ సెమీఫైనల్. స్కార్విక్ ఒకటి–సున్నాతో గెలిచింది. ఊరి చరిత్రలో మొదటిసారి ఫైనల్‌కి చేరింది. ఇప్పుడు ఊరు రేవు గట్టు మీద నిలబడి ఉంది.

"ముందు చూసిందెవరు?"

"నేనే, రాన్వా గారూ." కోచ్ ట్రొండుర్ ముందుకొచ్చాడు. భారీ మనిషి. స్వెటర్, ప్యాంటు తడిసి ఉన్నాయి. "బంతి కోసం వెళ్లుంటాడు. అల కొట్టి పడవ తిరగబడింది. ఎన్నిసార్లు చెప్పానో, ఒంటరిగా వెళ్లొద్దు మావా అని!"

"ఎన్నింటికి చూశారు?"

"అయిదూ నలభై. కాఫీకి పిలుద్దామని వచ్చా. చూడగానే కేకేశా."

"నీళ్లలోకి దిగారా?"

"దిగి లాగా. అప్పటికే చల్లబడిపోయాడు."

రాన్వా తనతో వచ్చిన పోలీసు డాక్టర్‌ను శవం దగ్గర వదిలి క్లబ్ గదికి నడిచింది.

క్లబ్ సెక్రటరీ ఆస్ల కప్పులు కడుగుతోంది. కడిగినవే మళ్లీ కడుగుతోంది.

"కేక వినగానే పరిగెత్తానమ్మా. చేతిలో ఫోన్ ఉంది. ఎందుకు తీశానో తెలీదు, ఒక ఫొటో తీశా. నా బుద్ధి మండిపోనూ."

"చూపించండి."

ఫొటో కింద టైం ఉంది. అయిదూ నలభై మూడు. రాన్వా దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"మ్యాచ్‌లో బంతి ఎన్నిసార్లు సముద్రంలో పడింది?"

"ఒక్కసారీ పడలేదు. సముద్రం మీంచి కొట్టే ఆ గాలికి ఎలా పడుతుంది? గోడ మీదికి కొట్టినా తిరిగొచ్చేసేది. ఎనభై ఎనిమిదో నిమిషంలో వాళ్లకి పెనాల్టీ వచ్చింది చూడు, బంతి తెల్ల గుర్తు మీద నిలవక ఊరివైపు దొర్లిపోతుంటే, వాళ్లవాడొకడు బోర్లా పడుకుని వేలితో పట్టుకున్నాడు."

"ఆ పెనాల్టీ?"

"మా పౌలి ఆపేశాడు. ఆపుతూ తల గోల్‌పోస్ట్‌కి కొట్టుకున్నాడు." ఆస్ల గొంతు తగ్గించింది. "వాడు లోపల పడుకున్నాడు. తలనొప్పట. సోఫుస్ సంగతి ఇంకా చెప్పలేదు. అయ్యా అమ్మా లేని వాణ్ణి పెంచింది ఆయనే. నువ్వూ చెప్పకమ్మా."

డ్రెస్సింగ్ రూమ్ బెంచీ మీద గోల్‌కీపర్ పౌలి, కళ్ల మీద తడి తువ్వాలు. కింద బకెట్. వాంతి చేసుకున్న వాసన.

"ఇంతకు ముందు తలకి దెబ్బ తగిలిందా?"

"క్వార్టర్ ఫైనల్లో. మూడు వారాలైంది. మావే ఆస్పత్రికి తీసుకెళ్లాడు."

"డాక్టర్ ఏమన్నాడు?"

"కాగితం కవరు విప్పకుండానే కోచ్‌కి ఇచ్చాడు మావ. రెండు వారాలు ఆగితే చాలన్నాడట డాక్టర్, కోచే చెప్పాడు. ఇవాళ పెనాల్టీ అయ్యాక మావ గోల్ వెనక నుంచి ఒకటే అరుపు. బయటికి రారా, చస్తావురా అని. నేను వెళ్లలేదు. కోపంతో నాతో పలకట్లేదనుకుంటా, ఇంకా ఇటు రాలేదు."

రాన్వా కింద ఉన్న బకెట్ వైపు చూసింది. బయటికొచ్చి రెండు ఫోన్లు చేసింది. మొదటిది అంబులెన్స్‌కి. రెండోది ఆస్పత్రికి.

పౌలిని తీసుకెళ్లాక, ఏడూ నలభైకి, ట్రొండుర్‌ను క్లబ్ గదికి పిలిచింది. ఆస్ల కూడా ఉంది. గుమ్మంలో కానిస్టేబుల్ నిలబడ్డాడు.

"మ్యాచ్ నాలుగూ యాభైకి అయిపోయింది. తర్వాత ఎక్కడున్నారు?"

"రేడియో వాళ్లతో ఫోన్లో మాట్లాడా."

"అయిదుంబావుకి పెట్టేశారని మా కానిస్టేబుల్ కనుక్కున్నాడు. ఆ తర్వాత?"

"ఇక్కడే, అటూ ఇటూ. ఏంటిది? నన్నే అనుమానిస్తున్నారా?"

రాన్వా ఫోన్ బల్ల మీద పెట్టింది.

"చూడండి. శవం ఒడ్డున. పడవ ఒడ్డున. గాలీ అలలూ రెండింటినీ రాళ్లకి తెచ్చి కొట్టాయి. మరి బంతి?"

ఫొటోలో బంతి ఇంకా ఒడ్డుకి కాస్త దూరంలో, నీళ్ల మీద తెల్లగా తేలుతోంది.

"బంతికి బరువెంత? గాలికి అన్నిటికంటే ముందు ఒడ్డుకి చేరాల్సింది అదే. నేనొచ్చేసరికి చేరింది కూడా. అంటే ఈ ఫొటోకి ఒకటి రెండు నిమిషాల ముందే ఎవరో దాన్ని విసిరారు. అప్పుడు రేవులో ఎవరున్నారు, ట్రొండుర్?"

అతను ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టాడు.

"పౌలిని చూసిన డాక్టర్ రాసింది రెండు వారాలు కాదు, ఆరు. ఈలోగా ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పని కూడా రాశాడు. ఆస్పత్రి వాళ్లు ఇప్పుడే చదివి వినిపించారు."

ఆస్ల చేతిలో కప్పు జారి పగిలింది.

"వాడు లేకపోతే గోల్‌లో ఎవర్ని పెట్టను?" ట్రొండుర్ బల్ల మీదికి వంగాడు. "ఇరవై రెండేళ్లు! ఈ ఒక్క రోజు కోసం ఇరవై రెండేళ్లు చాకిరీ చేశా. తలకి దెబ్బ తగిలినవాణ్ణి ఆడించావని ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కి ఫోన్ చేస్తానన్నాడు ముసలాడు. బతిమాలా. కాళ్లు పట్టుకున్నా. వినలేదు. ఫోన్ లాక్కోబోయా, వెనక్కి పడ్డాడు. రాయి తలకి తగిలింది. కదల్లేదు. చచ్చిపోయాడనుకుని నీళ్లలోకి..."

గుమ్మంలో కానిస్టేబుల్ వెనక పోలీసు డాక్టర్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నోట్లో, ముక్కులో నురగ ఉంది," అంది. "పోస్ట్‌మార్టం చెయ్యాలి. కానీ నా లెక్కన నీళ్లలో పడేసరికి ఆయనకి ఇంకా ఊపిరి ఆడుతోంది."

ట్రొండుర్ ఆమెవైపు చూశాడు. కానిస్టేబుల్ జబ్బ పట్టుకుని లేపేదాకా అలాగే కూర్చుండిపోయాడు.

ఆస్ల ఫెడరేషన్‌కి ఫోన్ చేసింది. "స్కార్విక్ ఫైనల్ ఆడదు," అంది. అవతలివాడు ఏదో అడుగుతుండగానే పెట్టేసింది.

మర్నాడు పదకొండింటికి రాన్వా ఆస్పత్రికి వెళ్లింది. మెదడులో రక్తం గడ్డకట్టింది, నిన్న రాత్రే ఆపరేషన్ చేశాం, బతుకుతాడు, ఇక ఆట మాత్రం కుదరదు అని డాక్టర్లు అన్నారు.

పౌలి తలకి కట్టు. ఆమెను గుర్తుపట్టి నవ్వబోయాడు.

"మావ మీతో రాలేదా? ఇంకా కోపంగానే ఉన్నాడా?"

రాన్వా టోపీ తీసింది. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.