కోమల వేయించిన కాఫీగింజలు

హోసూరు బజారు వీధిలో ఆ పొద్దున కూడా అనంతయ్య ఇనుప డ్రమ్ము కింద బొగ్గులు రాజేసి, కాఫీగింజలు పోసి పిడి తిప్పుతున్నాడు. ముప్ఫై ఏళ్లుగా అంగడి ముందు అదే పని. కోడలు కోమల పాపను చంకనేసుకుని గడపలో నిలబడింది. పళ్లొస్తున్నాయేమో, పాప ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. నిమిషానికోసారి నుదురు ముట్టి చూస్తోంది.

కోమల భర్త జగన్నాథ్‌కు బెంగుళూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. అంగడి వదలడం అతనికి ఇష్టం లేకపోయినా, కోమల పోరు పడలేక ఒప్పుకున్నాడు. తండ్రికి చెప్పే ధైర్యం లేక ఏదో పనుందని పొద్దున్నే పక్కనున్న తళి ఊరికి బస్సెక్కేశాడు. ఇక కోమలే చెప్పింది.

ఆడ ఏం పని అని అడిగాడు అనంతయ్య. మిషను దగ్గర బోల్టులు బిగించడమంది.

"దినమంతా అదేనా?"

కోమలకు రోషం వచ్చింది. "మీరు మాత్రం? ముప్ఫై ఏండ్లు ఈ పిడే తిప్పినారు. విసుగు రాలేదా మామా?"

లోపల అత్త వాసవాంబ చేతిలో గిన్నె చప్పుడాగింది. అనంతయ్య వేగిన గింజలు జల్లెడలో దింపి, లేచి పాపను అందుకున్నాడు. "ఇంకో వాయి పోసినా. నువ్వు తిప్పమ్మా."

ఆయన వాయికి పావుగంట తిప్పడం కోమల రోజూ చూసిందే. గోడ గడియారం మీదే కళ్లుపెట్టి తిప్పింది. పది నిమిషాలకే పొగ కమ్మి గింజలన్నీ మాడిపోయాయి. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇది కొత్త మూట. చిన్న గింజ, బిరీన వేగుతుంది. గడియారానికేం తెలుసు? చెవి పెట్టి విను."

మళ్లీ పోసింది. ఒక గింజ చిటుక్కుమని చిట్లింది, తర్వాత గుప్పెడు. దించమంటావా అని ఆయన అడిగితే, "ఇంకొంచెం తాళండి మామా" అంది. దించేసరికి ఒక్కటీ మాడలేదు. తలెత్తితే పాప తాత భుజం మీద నిద్రపోతోంది. అంతసేపూ తను దాని నుదురు ముట్టలేదు. పాప పుట్టినప్పటి నుంచి ఇంత నిమ్మళం తను ఎరగదు. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మధ్యాహ్నం జగన్నాథ్ వచ్చాడు.

"సోమవారం పోవద్దు" అంది కోమల.

"మా నాయన ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు. రేపు ఇంకో మూట విప్పుతారంట. ఆ గింజ ఎట్లా వేగుతుందో నేను చూడాల."

జగన్నాథ్ తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.